పటము మీద వ్యాధి

ఊరిలో ఏదో జాడ్యము ప్రవేశించినదని వినగానే మనమందరము అడుగు మొదటి మాట "ఏ వీధిలో?" అని. అది మన ఇంటికి ఎంత దూరమున ఉన్నదో తెలిసికొనవలెనను ఆతురత ఆ ప్రశ్నలో ఇమిడియున్నది. భయముచేత పుట్టిన ప్రశ్నయే అయినను అది తెలివిగల ప్రశ్న. ప్రజారోగ్య శాస్త్రములో ఒక శాఖ అంతయు దాని మీదనే పెరిగినది. రోగులు ఎందరని లెక్కించుటతో ఆగక, వారు ఎచ్చట నివసించుచున్నారో ఒక పటము మీద గుర్తించి, అదే పటము మీద బావులు, కాలువలు, మురుగు తూములు, సంతలు, నేలలోని రాతి జాతులు మొదలైనవానిని కూడ గుర్తించి, ఈ రెండింటికి సంబంధమేమైన కలదా అని విచారించుట ఆ శాఖ చేయు పని.

దీనికి మూలకథగా లండను నగరములో 1854లో జరిగిన ఒక వృత్తాంతమును చెప్పుట వాడుక. కలరా ప్రబలినదట, స్నో అను వైద్యుడు చనిపోయినవారి ఇండ్లను పటము మీద చుక్కలుగా పెట్టెనట, చుక్కలన్నియు ఒక చేతిపంపు చుట్టును గుమిగూడి కనిపించెనట, ఆయన ఆ పంపు పిడిని ఊడదీయించెనట, కలరా ఆగిపోయెనట. వినుటకు ఇంపైన కథ. పాఠ్యపుస్తకములలోనికి కూడ ఎక్కినది. కాని ఆ పటము గీయబడినది పిడిని ఊడదీసిన తరువాత. రోగము అప్పటికే తగ్గుముఖము పట్టినది. అన్నిటికంటె ముఖ్యమైన సంగతి మరియొకటి కలదు: ఆ మరణములనే, ఆ వీధులనే మరికొందరు కూడ పటములుగా గీసిరి, గీసి, వేరు నిర్ణయములకు వచ్చిరి. ఇట్లేల జరిగినదో తెలిసినగాని ఈ శాస్త్రము యొక్క బలమును, బలహీనతయు మనకు బోధపడవు. కనుక కథను మొదటినుండి చెప్పుకొందము.

జాన్ స్నో 1813లో యార్కు పట్టణములో ఒక కూలివాని ఇంట జన్మించెను. మత్తుమందు ఇచ్చుటలో లండనులో గొప్ప పేరు సంపాదించెను. 1853లో విక్టోరియా రాణికి ప్రసవ సమయమున క్లోరోఫారము ఇచ్చినది ఆయనయే. ఆ కాలపు వైద్యులలో పెక్కుమంది కలరా దుర్వాయువు వలన వచ్చునని నమ్మియుండిరి. కుళ్లిన పదార్థముల నుండి లేచిన చెడుగాలిని పీల్చినవారికి రోగము సోకునని వారి సిద్ధాంతము. స్నో దీనిని నమ్మలేదు. ఆవిరులు దూరము పోయినకొలది ఎట్లు పలుచబడునో దినదినము కొలుచుచుండిన మనిషికి, ఒక గాలి ఊరంతటిని చంపుచు ఎదుటి ఇంటిని విడిచిపెట్టుట వింతగా తోచియుండునని మా ఊహ. పైగా కలరా మొదట పట్టునది ప్రేగులను. ఊపిరితిత్తులను కాదు. కనుక ఆ విషము నోటిద్వారా, ముఖ్యముగా నీటిద్వారా, లోనికి పోవలెనని ఆయన 1849లోనే ఒక చిన్న పుస్తకము ప్రకటించెను. దానిని లక్ష్యపెట్టినవారు తక్కువ.

1854 ఆగస్టు 31వ తేది రాత్రి లండనులోని సోహో పేటలో బ్రాడ్ స్ట్రీట్ అను వీధి పరిసరములలో కలరా ఒక్కసారిగా విరుచుకొని పడినది. ఆ వీధి మలుపునకు 250 గజముల లోపల పది దినములలో ఐదువందలమందికి పైగా మరణించిరి. బ్రతికినవారు తలుపులకు తాళములు వేసికొని వలసపోయిరి.

ఆ వీధిలో అందరు వాడుకొను చేతిపంపు ఒకటి ఉండెను. దాని నీరు చల్లగాను, రుచిగాను ఉండునని పేరు. స్నో ఆ నీటిని పరీక్షించెను. మొదటి దినమున చెప్పుకొనదగినంత కల్మషమేదియు కనబడలేదు. సూక్ష్మజీవి శాస్త్రము ఇంకను పుట్టని దినములవి. కంటికి నీరు సాక్ష్యము చెప్పనప్పుడు మనుష్యుల చేతనే చెప్పింపవలెను. ఆయన జనన మరణములు నమోదు చేయు కార్యాలయమునకు పోయి, ఆ వారములో చివరి మూడు దినములలో జరిగిన 83 మరణముల జాబితాను సంపాదించి, ఒక్కొక్క గుమ్మము తట్టుచు పోయెను. 73 మరణములు ఆ పంపునకు సమీపముననున్న ఇండ్లలోనే జరిగినవి. మిగిలిన పది ఇండ్లకు వేరు పంపులు దగ్గరగా నుండెను. మరియొకరైనచో ఆ పదింటిని అపవాదములని విడిచిపెట్టియుందురు. స్నో మాత్రము ఆ పది ఇండ్లకు కూడ పోయెను. ఐదు కుటుంబములవారు తాము దగ్గరి పంపును కాదని, రుచికొరకు బ్రాడ్ స్ట్రీట్ నీటినే తెప్పించుకొనుచుండిరని చెప్పిరి. మరి మూడు ఇండ్లలో చనిపోయినవారు చిన్నపిల్లలు. వారు చదువుకొను బడి ఆ పంపు దగ్గరనే ఉండెను.

ఇక రోగము ముట్టక విడిచిన చోట్లు. పంపునకు దగ్గరనే పోలండ్ స్ట్రీట్ లో దరిద్రులను పోషించు ఆశ్రమము ఒకటి కలదు. దానిలో 535 మంది ఉండిరి. మూడు ప్రక్కల వీధులలో జనము రాలిపోవుచుండగా ఆశ్రమములో చనిపోయినవారు ఐదుగురు మాత్రమే. చుట్టుప్రక్కల లెక్క వారికి కూడ వర్తించియుండినచో నూరుమందికి పైగా పోవలసినది. వారికి ఆవరణలోనే సొంత బావి యుండెను. బ్రాడ్ స్ట్రీట్ లోనే బీరు కాచు కర్మాగారము ఒకటి ఉండెను. అచ్చటి డెబ్బదిమంది పనివారిలో ఎవరును కలరాతో చావలేదు. వారికి బీరు ఉచితముగా దొరకుచుండెను. నీరు కావలసినచో లోపల లోతైన బావి ఉండెను. ఆ వీధిలోనే తుపాకి కేపులు చేయు కార్ఖానా ఒకటి కలదు. అచ్చట పనివారు త్రాగుటకై రెండు తొట్లలో పంపు నీరు నింపి ఉంచుచుండిరి. ఇంచుమించు రెండువందలమందిలో పదునెనిమిదిమంది మరణించిరి.

ఈ విచారణలో మాకు ఎప్పుడును ఆశ్చర్యము కలిగించునది హాంప్‌స్టెడ్‌లో నివసించిన ఒక విధవరాలి వృత్తాంతము. ఆ పేట సోహోకు చాల దూరము. అక్కడ కలరా లేదు. ఆమె పూర్వము బ్రాడ్ స్ట్రీట్ లో కాపురమున్నది. ఆ నీటి రుచి మరువలేక ప్రతిదినము బండివానిచేత ఒక పెద్ద సీసాతో తెప్పించుకొనుచుండెను. ఆగస్టు 31న వచ్చిన నీటిని త్రాగి సెప్టెంబరు 2న మరణించెను. చూడవచ్చిన మేనకోడలు కూడ ఆ నీటిని త్రాగి, ఇస్లింగ్టన్ లోని తన ఇంటికి పోయి చనిపోయెను. ఆ పేటలోను అప్పుడు కలరా లేదు. పటము మీద దూరముగా పడిన ఈ రెండు చుక్కలు, పంపు చుట్టు నున్న వందల చుక్కల కంటె గట్టి సాక్ష్యము చెప్పుచున్నవి. ఏలయనగా ఆ ఇద్దరు పీల్చిన గాలి సోహో గాలి కాదు.

సెప్టెంబరు 7వ తేది సాయంకాలము స్నో ఆ పేట పెద్దల సభకు పోయి తాను కనుగొనినది నివేదించెను. మరునాడు పంపు పిడిని ఊడదీసిరి. అప్పటికే జనము పారిపోవుటచేత రోగము చాలవరకు తగ్గియుండెనని, పిడి తీయుటచేతనే ఆగినదో లేదో నిర్ణయించుట అసాధ్యమని స్నో స్వయముగా వ్రాసెను. తన విజయమును తానే తగ్గించి చెప్పుకొనిన ఈ నిజాయితీని ఆయన కథ చెప్పువారు తరచు మరచిపోవుదురు.

ఇప్పుడు పటముల సంగతి. ఆ పేటలో 1665 నాటి ప్లేగులో చచ్చినవారిని పూడ్చిన గుంటలు ఉన్నవని, క్రొత్త మురుగు తూములు త్రవ్వుటలో అవి కదలి విషవాయువు లేచినదని వదంతి పుట్టినది. తూముల శాఖకు చెందిన ఎడ్మండ్ కూపర్ అను ఇంజనీరు స్నో కంటె ముందుగనే ఒక పటము తయారుచేసెను. మరణములు జరిగిన ఇండ్లను, తూములను, ప్లేగు గుంటల స్థలమును దానిలో చూపి, తూములకు రోగముతో సంబంధము లేదని తేల్చెను. అది నిజమే. కాని అంతకుమించి ఆ పటము ఏమియు చెప్పలేదు. ప్రభుత్వ ఆరోగ్య మండలి నియమించిన శాస్త్రజ్ఞుల సంఘము కూడ అవే మరణములను పటముగా వేయించి, పంపు నీటిని గురించిన స్నో మాటను అంగీకరించుటకు కారణము కనబడలేదని వ్రాసి, దుర్వాయు సిద్ధాంతమునే నిలబెట్టినది.

స్నో తన పటములో చనిపోయిన ప్రతి మనిషికి ఒక నల్లని గీతను ఆ ఇంటి ముందు ఉంచెను. పలువురు చనిపోయిన ఇంటిముందు గీతలు ఒకదాని మీద ఒకటి దొంతరగా పేర్చబడినవి. పేటలోని పంపులన్నిటిని గుర్తించెను. తరువాత పేటవారి విచారణ సంఘమునకు ఇచ్చిన రెండవ పటములో మరియొక రేఖను చేర్చెను. బ్రాడ్ స్ట్రీట్ పంపునకును, తక్కిన పంపులకును సమాన దూరములో నున్న స్థలములను కలుపుచు పోవు రేఖ అది. దానికి లోపలనున్నవారికి బ్రాడ్ స్ట్రీట్ పంపు దగ్గర, వెలుపలివారికి వేరొకటి దగ్గర. ఈ దూరమును ఆయన కొలబద్దతో తిన్నగా కొలువలేదు. వీధుల మలుపుల వెంట నడచి పోవలసిన దూరముగా లెక్కించెను. నీరు తెచ్చుకొను మనిషి గోడలు దాటి పోడు గదా. మరణములు ఆ రేఖ లోపల నిండుగా నుండి, రేఖను సమీపించిన కొలది పలుచబడినవి. ఒక పటమును చూచుటకు, పటముతో విచారించుటకు గల భేదము ఈ రేఖలో ఉన్నదని మేము తలంతుము. తూములు గీసినవానికి తూముల సంగతియే తెలిసినది. పంపులు గీయవలెనని తోచుటకు, నీటిమీద అనుమానము ముందుగా మనసులో ఉండవలెను.

స్నోను మొదట నమ్మనివారిలో ఆ పేట చర్చిలోని హెన్రీ వైట్ హెడ్ అను యువకుడైన పాదిరీ ఒకడు. ఆ సిద్ధాంతమును ఖండింపవలెనని తలచి, తనకు ఎరుకైన కుటుంబములను మరల మరల పోయి విచారించెను. త్రాగినవారిలో సగముకంటె ఎక్కువమంది రోగమున పడగా, త్రాగనివారిలో పదవవంతు కూడ పడలేదని తేలినది. ఆయన మనసు మారెను. మరికొంతకాలమునకు మరణముల దస్తరములో ఒక పసిబిడ్డ పేరు ఆయన కంటబడినది. పంపు ఎదుటనే, 40వ నంబరు ఇంటిలో ఆ బిడ్డ ఆగస్టు 28ననే జబ్బుపడినది. తల్లి బిడ్డ గుడ్డలు ఉతికిన నీటిని ఇంటిముందరి మురుగు గుంటలో పోసినదట. త్రవ్వి చూడగా గుంట ఇటుకలు శిథిలమై, దానికిని పంపు బావికిని మధ్య మూడడుగుల ఎడమైన లేదు. ఆ బిడ్డ తండ్రి సెప్టెంబరు 8న, సరిగా పిడి ఊడదీసిన దినముననే, కలరాతో పడెను. ఆనాడు పంపు తెరచియుండినచో ఆ ఇంటి గుంటనుండి ఏమి జరిగియుండునో ఊహింపవచ్చును.

పటము తెలివిగలవారిని కూడ మోసగించుటకు మంచి ఉదాహరణము విలియం ఫార్. ఆంగ్లదేశపు మరణ గణాంకములకు ఆయనయే ప్రాణము. 1849 నాటి కలరా లెక్కలను తీసి, థేమ్సు నదికంటె ఎంత ఎత్తున ఇల్లున్నదో అంత తక్కువగా చావులు జరిగినవని చూపెను. అంకెలు చక్కగా సరిపోయినవి. నది ఒడ్డున చెడుగాలి దట్టముగా నుండును గనుక ఇట్లు జరిగినదని ఆయన వివరణము. కాని పల్లపు పేటలవారు త్రాగినది కూడ ఊరి మురుగు కలిసిన నది నీరే. పల్లము, మురుగునీరు రెండును ఒక్కచోటనే ఉన్నప్పుడు పటము ఆ రెండింటిని విడదీసి చూపలేదు. 1866లో తూర్పు లండనులో కలరా వచ్చినప్పుడు నీటి కంపెనీని వేలెత్తి చూపినవారిలో ఫార్ కూడ ఉండెను. తప్పు దిద్దుకొనగల పండితులు ఏ కాలములోనైన కొద్దిమందియే.

ఆ రెండింటిని విడదీయు అవకాశము స్నోకు దక్షిణ లండనులో చిక్కినది. అచ్చట రెండు కంపెనీల గొట్టములు ఒకే వీధులలో పోవుచుండెను. సదర్క్ వాక్సాల్ కంపెనీ నగరపు మురుగు కలిసిన చోటనే థేమ్సు నీటిని తోడుచుండెను. లాంబెత్ కంపెనీ మాత్రము 1852లో తన తోడు స్థలమును నగరమునకు ఎగువకు మార్చుకొనినది. గాలి ఒకటే, పల్లము ఒకటే, ఇరుగు పొరుగు ఇండ్లే. కొళాయి మాత్రము వేరు. ఇక్కడ ప్రాంతముల పటము ఒక్కటియే చాలదు. స్నో మరల గుమ్మములు తట్టెను. ఏ కంపెనీ నీరో ఇంటివారికి తెలియనిచోట నీటిని సీసాలో పట్టి, సిల్వర్ నైట్రేటు వేసి ఉప్పును పరీక్షించెను. మొదటి కంపెనీ నీటిలో ఉప్పు సుమారు 40 రెట్లు ఎక్కువ. ఏడు వారముల లెక్క తేలినది: సదర్క్ వాక్సాల్ నీరు త్రాగిన ఇండ్లలో ప్రతి పదివేల ఇండ్లకు 315 మరణములు, లాంబెత్ వారి ఇండ్లలో 37. మరణముల సంఖ్యను మాత్రమే చెప్పక, ఎన్ని ఇండ్లకు ఎన్ని అని చెప్పుట గమనింపదగినది. జనము క్రిక్కిరిసిన పేటలో చుక్కలు ఎక్కువగా పడుట సహజమే గదా.

నేడు ఈ పని కంప్యూటరు మీద జరుగుచున్నది. చేతిలోని ఫోనే ఇంటి అక్షాంశ రేఖాంశములను చెప్పును. నీరు నిలిచిన గుంటలను ఉపగ్రహము చూపును. గుప్పెడు జొన్నలు నేల మీద చల్లి చూడుడు: ఒకచోట గుంపుగాను, ఒకచోట ఖాళీగాను పడును, దానికి కారణమేమియు లేదు. వ్యాధి చుక్కలు కూడ కొన్నిమార్లు అట్లే పడును. కనుక నేటి శాస్త్రజ్ఞులు పటము మీద చిన్న పెద్ద వలయములను జరుపుచు, లోపలి రోగుల సంఖ్య యాదృచ్ఛికముగా వచ్చుటకు ఎంత అవకాశము కలదో గణించి, ఆ పిమ్మటనే గుంపును గుంపు అందురు. మరియొక చిక్కు కూడ వచ్చినది. నలువది ఇండ్ల పల్లెలో ఒక చుక్క పెట్టుట ఒక మనిషి పేరు బయటపెట్టుటయే. క్షయ మొదలైన రోగములున్న ఇంటికి పిల్లనిచ్చువారు వెనుదీయుదురు. అందుచేత ప్రకటించు పటములలో చుక్కను కొంచెము ప్రక్కకు జరుపుటయో, ఊరంతటిని ఒకటిగా చూపుటయో ఆచారమైనది.

అయితే ఊరంతటిని ఒకటిగా చూపినప్పుడు పోవునదేమో తెలిసికొనుటకు మన తెలుగు నేలకే రావలెను. 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి అను మువ్వురు నెల్లూరు జిల్లాలో ఫ్లోరైడు నీటివలన కలుగు ఎముకల వ్యాధిని గురించి ప్రకటించిరి. మనదేశమున ఈ వ్యాధిని గూర్చి వెలువడిన మొదటి వర్ణనలలో అది యొకటి. అంతకుముందే అరక దున్ను ఎడ్లు కీళ్లు బిగిసి నడువలేకపోవుటను రైతులు గమనించిరని చెప్పుదురు. పిమ్మట నల్లగొండ పేరు ఈ వ్యాధితో ముడిపడిపోయినది; పటికను, సున్నమును కలిపి నీటిలోని ఫ్లోరైడును తగ్గించుటకు నాగపూరులోని పరిశోధన సంస్థవారు కనుగొనిన పద్ధతికి కూడ నల్లగొండ పద్ధతి అనియే పేరు.

ఫ్లోరైడు గాలినుండి వచ్చునది కాదు, మనిషినుండి మనిషికి అంటునది కాదు. నేలలోని రాళ్లనుండి నీటిలోనికి దిగును. లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాములకు మించరాదని నియమము. కాని రాతి స్వభావమును బట్టి, లోతును బట్టి, నీరు లోపల ఎంతకాలము నిలిచినదను దానిని బట్టి ఒక బావికిని ప్రక్క బావికిని పొంతన ఉండదు. ఒక ఊరిలో పది బావులు కలవనుకొందము. ఎనిమిదింటిలో లీటరుకు 0.3 మిల్లీగ్రాముల చొప్పునను, రెండింటిలో 6 మిల్లీగ్రాముల చొప్పునను ఉన్నచో సగటు 1.44 వచ్చును. పటము మీద ఆ ఊరు క్షేమమైనదని రంగు వేయుదురు. ఆ రెండు బావుల వీధులలోని పిల్లల పండ్లు గారపట్టి, పెద్దల వెన్నులు బిగిసిపోవుచునే ఉండును. ఈ వ్యాధికి పటము గీయదలచినవాడు జిల్లాను గాని మండలమును గాని పట్టుకొని లాభము లేదు; బావిని పట్టుకొనవలెను. ఆ బావి నీరు ఏ ఇంటి బిందెలోనికి పోవుచున్నదో, ఆ ఇంటి పిల్లవాడు బడిలో ఏ పంపు నీరు త్రాగుచున్నాడో అడుగవలెను.

దీనిలో ఇంకొక మెలిక కూడ ఉన్నది. శాశ్వత దంతముల పింగాణి ఏర్పడునది చిన్నతనమున, ఇంచుమించు ఎనిమిదేండ్లలోపల. అప్పుడు త్రాగిన నీటి గుర్తు పండ్లమీద జీవితాంతము నిలిచిపోవును. ఆ తరువాత ఎంత ఫ్లోరైడు నీరు త్రాగినను ఈ మచ్చలు క్రొత్తగా రావు. ఎముకలు మాత్రము చెడును. కనుక ఒక గ్రామములో పండ్లు చక్కగానుండి, నడుము వంగని స్త్రీ కనబడినచో ఆమె ఆ ఊరి ఆడపడుచు కాదని, పెండ్లియై వచ్చిన కోడలై యుండునని ఊహింపవచ్చును. మచ్చల పండ్లతో మంచినీటి ఊరికి కాపురమునకు వచ్చినవారును ఉందురు. సర్వేకు వచ్చినవారు ఆమెను ఏ ఊరి లెక్కలో వ్రాసికొందురు? ఆమె పండ్లు పుట్టినింటి బావిని చెప్పును, ఎముకలు మెట్టినింటి బావిని చెప్పును. ఆమెకు పటము మీద రెండు చోట్ల చుక్క పెట్టవలెను. అందుకు ముందుగా ఆమె పుట్టిన ఊరేదో అడుగవలెను.